ఇసుకలో రాజు, ఊళ్లో దొర: షెల్లీ ‘ఓజిమాండియాస్’ను మన వైపు నుంచి చదవడం

ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాళ్లకు షెల్లీ రాసిన ‘ఓజిమాండియాస్’ తెలియకుండా ఉండదు. పద్నాలుగు పాదాల చిన్న కవిత. ఎక్కడో పాత దేశం నుంచి వచ్చిన బాటసారి ఒక సంగతి చెప్తాడు. ఎడారిలో రెండు రాతి కాళ్లు నిలబడి ఉన్నాయి, పైన మొండెం లేదు. పక్కనే ఇసుకలో సగం కూరుకుపోయిన ముఖం. ఆ ముఖంలో గర్వం, హేళన, ఆజ్ఞ ఇచ్చి అలవాటైన పెదవి. పీఠం మీద రాజు తనను తాను రాజులకు రాజుగా చెప్పుకుని, తన కట్టడాలను చూసి బలవంతులంతా ఆశ వదులుకోవాలని శాసించాడు. చుట్టూ చూస్తే ఏ కట్టడమూ లేదు, ఇసుక తప్ప.

నేను దీన్ని మొదటిసారి డిగ్రీలో విన్నాను. మా లెక్చరర్ మంచివాడే, గొంతు కూడా మంచిది. పాఠం అయిపోయాక పుస్తకం మూసి, “చూశారా, అంతా మాయ. రాజులు పోతారు, రాజ్యాలు పోతాయి. అందుకే మన పెద్దలు వైరాగ్యం గురించి చెప్పారు” అన్నాడు. గైడులోనూ అదే ఉంది: అధికారం అశాశ్వతం, అహంకారం పనికిరాదు, కాలం అందరినీ సమానం చేస్తుంది. అయిదు మార్కుల ప్రశ్న. నేను లేచి, “సార్, ఆ రాయి ఎవరు మోసిండ్రు?” అని అడిగాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు గానీ, “అది పరీక్షకు రాదు” అన్నాడు.

ఆ ప్రశ్న నా తెలివితేటల వల్ల పుట్టలేదు. మా ఊళ్లో గడి ఉంది. నేను పుట్టేనాటికే సగం కూలింది. గోడల మీద రావిచెట్లు, లోపల సీతాఫలం పొదలు. మేం పిల్లలం మేకలు తోలుకుని పోయి దొర కూర్చున్న అరుగు మీద కూర్చుని సద్ది తినేవాళ్లం. మా తాత అదే అరుగు ముందు చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డవాడు, ఏళ్ల తరబడి వెట్టి చేసినవాడు. కాబట్టి షెల్లీ కవిత నాకు కొత్తగా అనిపించలేదు, కూలిన గొప్పతనాన్ని రోజూ చూస్తూ పెరిగాను. కానీ ఇంటికి పోయి కవిత కథ చెప్తే మా అవ్వ విని ఒక మాట అన్నది: “గడి కూలింది గని బిడ్డా, గడి మాట కూలలే.”

ఈ వ్యాసం ఆ ఇద్దరి మాటల మధ్య నడుస్తుంది. అధికారం అశాశ్వతం అన్న లెక్చరర్ మాట, గడి మాట కూలలేదన్న మా అవ్వ మాట. షెల్లీ వీళ్లలో ఎవరి వైపు ఉన్నాడు? మనం ఈ కవితను ఎట్లా చదవాలి, ఎట్లా చెప్పాలి?

1. వేదాంతం కాదు, రాజకీయం

ముందు ఒక అపార్థం తీసెయ్యాలి. షెల్లీ ఈ కవితను వైరాగ్యం కోసం రాయలేదు. 1817 చివర్లో, స్నేహితుడు హోరేస్ స్మిత్‌తో పందెం వేసుకున్నట్టు ఇద్దరూ ఒకే విషయం మీద చెరో కవిత రాశారు. షెల్లీ కవిత 1818 జనవరి 11న ‘ఎగ్జామినర్’ అనే వారపత్రికలో మారుపేరుతో అచ్చయింది. మూడు వారాలకు స్మిత్ కవిత అదే పత్రికలో వచ్చింది. ఆ పత్రిక ఎలాంటిదో తెలిస్తే కవిత ఎలాంటిదో తెలుస్తుంది. దాని సంపాదకుడు లీ హంట్ రాజ్యం చూస్తున్న యువరాజును విమర్శించినందుకు రెండేళ్లు జైల్లో ఉండి 1815లో బయటికొచ్చినవాడు. అట్లాంటి పత్రికలో రాజు విగ్రహం కూలిందని రాస్తే ఏ రాజు గుర్తొస్తాడో పాఠకుడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. స్మిత్ అయితే దాచుకోలేదు. రేపెప్పుడో లండన్ శిథిలమై అడవిగా మారితే, అక్కడికొచ్చిన వేటగాడు ఇక్కడ ఎవరు బతికారోనని ఆశ్చర్యపోతాడని రాశాడు.

ఆ సంవత్సరం ఇంగ్లండు ఎట్లా ఉంది? నెపోలియన్ యుద్ధాలు అయిపోయాయి, పనులు లేవు, రొట్టె ధర మండుతోంది. విచారణ లేకుండా జైల్లో పెట్టే వీలు కోసం 1817లో ప్రభుత్వం పౌరహక్కులను పక్కనపెట్టింది. పెంట్రిచ్ తిరుగుబాటు పేరుతో ముగ్గురు శ్రామికులను 1817 నవంబరు 7న ఉరి తీసి తలలు నరికింది. దానికి ముందు రోజే యువరాణి షార్లెట్ ప్రసవంలో చనిపోయింది. దేశమంతా యువరాణి కోసం ఏడుస్తుంటే షెల్లీ ఒక కరపత్రం రాసి, ఏడవాల్సింది ఈ ముగ్గురి కోసం అన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు తిరగకుండానే వచ్చిన కవిత ‘ఓజిమాండియాస్’. దీన్ని మాయావాదంగా చెప్పడం కవికి అన్యాయం, విద్యార్థికి ఇంకా పెద్ద అన్యాయం.

ఇక్కడ మన తెలుగు సంగతి ఒకటి చెప్పుకోవాలి. షెల్లీ తెలుగులోకి భావకవిత్వం ద్వారా వచ్చాడు. కృష్ణశాస్త్రిని ఆంధ్ర షెల్లీ అన్నారు. ప్రేమ, విరహం, ఆకాశం, పక్షి, నాకేంటన్న స్వేచ్ఛ - ఇదీ మనవాళ్లు దిగుమతి చేసుకున్న షెల్లీ. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్ మైదానంలో ఓటుహక్కు అడగడానికొచ్చిన జనం మీదికి గుర్రపు దళాలను తోలితే, ఇటలీలో ఉండి ఆ వార్త విని మండిపడి దీర్ఘ కవిత రాసిన షెల్లీ మనకు రాలేదు. ఆ కవితను అప్పట్లో అచ్చు వెయ్యడానికి హంటే భయపడ్డాడు. కవి చనిపోయిన పదేళ్లకు, 1832లో గానీ అది వెలుగు చూడలేదు. ఏ కవిలోంచి ఏది తీసుకోవాలో, ఏది వదిలెయ్యాలో నిర్ణయించేది కూడా అధికారమే. మన పాఠ్యపుస్తకాల్లో ఆ అధికారం ఎవరి చేతుల్లో ఉండిందో వేరే చెప్పాలా?

2. చెక్కిన చేయి

కవితలో రాజు కాకుండా ఇంకొక మనిషి ఉన్నాడు. అతను శిల్పి. పేరు లేదు. కానీ రాజు మనసులో ఏముందో చదివినవాడు అతనే. ఆ పెదవి వంకరను, ఆ చల్లని క్రూరత్వాన్ని రాయిలో పట్టినవాడు అతనే. ఆ చేయి ఏం చేసిందో చెప్పడానికి షెల్లీ వాడిన క్రియకు అప్పటి ఇంగ్లీషులో రెండు అర్థాలు. ఒకటి, ఉన్నదున్నట్టు దింపడం. రెండు, ఎగతాళి చేయడం. రాజు కూలి ఇచ్చి తన గొప్పతనాన్ని చెక్కించుకున్నాననుకున్నాడు. శిల్పి అతని లోపలి కుళ్లును చెక్కి పెట్టాడు. రాజ్యం పోయింది, ఎగతాళి మిగిలింది.

ఇది మనకు బాగా తెలిసిన విద్య. మా వాడలో ఒక ముసలాయన ఉండేవాడు. దొర నడకను, దొర దగ్గును, దొర ‘ఎవడ్రా’ అనే పిలుపును అచ్చం దింపేవాడు. రాత్రిపూట వాడంతా పడిపడి నవ్వేది. పొద్దున అదే ముసలాయన తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకుని గడికి పోయేవాడు. షెల్లీ శిల్పిని చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

అయితే ఇక్కడే ఒక మాట నికరంగా చెప్పుకోవాలి. ఎగతాళి వల్ల గడి కూలలేదు. శిల్పి నవ్వు వల్ల ఓజిమాండియాసూ కూలలేదు. ఆ విగ్రహాన్ని చూసి రాజు సంతోషించే ఉంటాడు. కళలో ధిక్కారం ఉంటుంది, అది ఆత్మగౌరవాన్ని బతికిస్తుంది. కానీ కళ ఒక్కటే చాలునని షెల్లీ కవిత మనల్ని నమ్మిస్తే మాత్రం దాని దగ్గర ఆగి ఆలోచించాలి. ఎందుకంటే కవితలో రాజును కూల్చింది ఎవరు? ఎవరూ కాదు. కాలం. ఇసుక. మనుషులు ఏమీ చెయ్యకుండానే అధికారం దానంతటదే రాలిపోతుందన్న భ్రమ ఇక్కడి నుంచే పుడుతుంది. మా లెక్చరర్ ‘మాయ’కు కవితలో దొరికిన సందు ఇదే.

3. ఎడారి నిజంగా ఖాళీగా ఉందా?

ఓజిమాండియాస్ కల్పిత రాజు కాదు. ఈజిప్టును క్రీ.పూ. 1279 నుంచి 1213 దాకా 66 ఏళ్లు ఏలిన రెండవ రామెసెస్ సింహాసన నామాన్ని గ్రీకులు అట్లా పలికారు. క్రీ.పూ. ఒకటో శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ ఆ విగ్రహం గురించీ దాని శాసనం గురించీ రాశాడు. ఆయన రాతలో రాజు సవాలు విసురుతాడు: నా గొప్పతనం తెలుసుకోవాలంటే నా పనుల్లో ఒక్కదాన్ని మించి చూపండని. ఆశ వదులుకోమనే బెదిరింపు షెల్లీ చేర్చింది. అది మంచి మార్పే. అధికారం మనతో నిజంగా అనేది ఆ మాటే గదా, నీవల్ల కాదు ఊరుకో అని.

షెల్లీ ఈజిప్టుకు ఎన్నడూ పోలేదు. ఆ విగ్రహం పడి ఉన్న చోటు రామెసియం అనే గుడి. నైలు నది పడమటి ఒడ్డున, లక్సర్‌కు ఎదురుగా ఉంది. అది కనుచూపు మేర ఇసుక తప్ప ఏమీ లేని ఎడారి కాదు. గుడికి ఒక పక్క పచ్చని పొలాలు, ఇంకో పక్క కొండ. కొండ వాలులో గుర్నా అనే పల్లె. అక్కడ మనుషులున్నారు, పశువులున్నాయి, పంటలున్నాయి. 1816లో బెల్జోని అనే ఇటలీవాడు బ్రిటిష్ రాయబారి తరఫున వచ్చి, అదే గుడి నుంచి ఇంకో రామెసెస్ విగ్రహం తలనూ భుజాలనూ తరలించాడు. ఏడు టన్నులకు పైగా బరువు. దాన్ని మండుటెండలో తాళ్లు కట్టి, దుంగల మీద దొర్లించి, నది దాకా లాగింది ఆ చుట్టుపక్కల పల్లెల కూలీలే. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. బెల్జోని పేరు చరిత్రలో ఉంది. లాగినవాళ్ల పేర్లు లేవు. రామెసెస్ కాలంలో రాయి లాగినవాళ్ల పేర్లూ లేవు. రాజు మారాడు, యజమాని మారాడు, తాడు పట్టుకున్న చేయి మారలేదు.

షెల్లీ తన బాటసారి చేత ఆ ప్రాంతంలో ఏమీ మిగల్లేదని చెప్పించాడు. పొలాలు తీసేశాడు, పల్లె తీసేశాడు. కవిత ప్రభావం కోసం తీసేశాడని అనొచ్చు, నిజమే. కానీ రాజు పోతే ఆ చోటు శూన్యమవుతుందనే ఊహ ఎక్కడి నుంచి వచ్చింది? రాజే చరిత్ర అనుకునే చూపు నుంచి. రాజును తిట్టే కవి కూడా ఆ చూపు నుంచి పూర్తిగా బయటపడలేదు. షెల్లీ బారోనెట్ మనవడు, పార్లమెంటు సభ్యుడి కొడుకు. నాస్తికత్వం మీద కరపత్రం రాసి 1811లో ఆక్స్‌ఫర్డ్ నుంచి గెంటించుకున్న ధైర్యశాలి. అయినా 1815 నుంచి ఏడాదికి వెయ్యి పౌండ్ల కుటుంబ సొమ్ముతో బతికినవాడు. ఇది ఆయన్ను తక్కువ చేయడానికి కాదు. ఆయన కన్ను ఎక్కడ నిలబడి చూసిందో గుర్తుపెట్టుకోవడానికి.

ఈ ‘ఖాళీ చేయడం’ కవిత్వంలోనే ఆగలేదు. 2006 చివరి నుంచి ఈజిప్టు ప్రభుత్వం పురాతన సమాధులను కాపాడే పేరుతో గుర్నా ఇళ్లను కూలగొట్టి అక్కడివాళ్లను వేరే చోటికి తరలించింది. చచ్చినవాళ్ల గొప్పతనం కోసం బతికున్నవాళ్లు ఊరు వదలాల్సి వచ్చింది.

4. విగ్రహం వెనుక ధాన్యపు కొట్లు

రామెసియం గురించి క్లాసులో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. నాకు తెలిసి ఆ కవితకు అంతకంటే మంచి వ్యాఖ్యానం లేదు. ఆ గుడి చుట్టూ మట్టి ఇటుకలతో కట్టిన పెద్ద పెద్ద ధాన్యపు కొట్లు ఉండేవి. వాటి కమానులు కొన్ని నేటికీ నిలబడి ఉన్నాయి. రాయి విగ్రహం విరిగింది, మట్టి గరిసెలు మిగిలాయి. రాజు బలం విగ్రహంలో లేదు, ఆ గరిసెల్లో ఉంది.

రెండవ రామెసెస్ పోయిన యాభై అరవై ఏళ్లకు, క్రీ.పూ. 1157 ప్రాంతంలో, మూడవ రామెసెస్ పాలన 29వ ఏట, రాజుల సమాధులు తొలిచే పనివాళ్లకు కూలి గింజలు రావడం ఆగిపోయింది. దగ్గర్లోని డేర్ ఎల్ మెదీనా అనే పల్లె వాళ్లది. వాళ్లు పని ఆపేశారు. కావలి గోడలు దాటి వచ్చి రాజుల గుళ్ల దగ్గర బైఠాయించారు. అందులో రామెసియం ఒకటి. ఆకలితో, దప్పికతో వచ్చామని, బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదని, ఈ మాట రాజుకు చేరెయ్యమని అధికారులకు చెప్పారు. బాకీ గింజలు కొలిచి ఇచ్చేదాకా కదల్లేదు. ఆ సంగతి రాసిన పపైరస్ ఇటలీలో టూరిన్ మ్యూజియంలో ఉంది. ప్రపంచంలో లిఖితంగా దొరికిన మొదటి సమ్మె ఇదేనంటారు.

తన కట్టడాలను చూసి ఆశ వదులుకోమన్నాడు ఓజిమాండియాస్. ఆ కట్టడం ముందుకే వచ్చి కూర్చున్నారు కట్టినవాళ్ల మనవలు. ఆశ వదులుకోవడానికి కాదు, కూలి అడగడానికి. ఇసుక మూడువేల ఏళ్లలో చేసిన పనికి పనివాళ్లు కొద్ది రోజుల్లో శ్రీకారం చుట్టారు.

ఇక్కడా మనం కళ్లు తెరిచే ఉండాలి. ఆ సమ్మె చేసినవాళ్లు నిపుణులైన పనివాళ్లు, వాళ్లలో రాయను చదవను వచ్చినవాళ్లున్నారు. ఆ పల్లెకు బావి లేదు. నీళ్లు మోసుకొచ్చేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల ఆకలి ఆ పపైరస్‌లో అంతగా వినిపించదు. దీన్ని కులం అనను. తొందరపడి పోల్చడం మంచిది కాదు. కానీ శ్రామికులు అని ఒక్క మాటలో అన్నప్పుడు లోపలి మెట్లు మాయమవుతాయని మన అనుభవం చెప్తోంది. తాజమహల్‌కు రాళ్లెత్తిన కూలీలెవరని శ్రీశ్రీ అడిగాడు. గొప్ప ప్రశ్న, మన తరాలను కదిలించిన ప్రశ్న. ఆ కూలీలను ఎవరు ముట్టుకున్నారు, ఎవరు ముట్టుకోలేదు అనే ప్రశ్న మాత్రం దళిత సాహిత్యం వచ్చి అడగాల్సి వచ్చింది.

5. ఎవరి అధికారం అశాశ్వతం?

ఒక కాకతాళీయం చెప్తాను. షెల్లీ కవిత అచ్చయిన రోజుకు సరిగ్గా పది రోజుల ముందు, 1818 జనవరి 1న, భీమా నది ఒడ్డున కోరేగావ్‌లో కంపెనీ సైన్యం పీష్వా సైన్యాన్ని నిలవరించింది. కంపెనీ వైపు పోరాడినవాళ్లలో మహర్లు చాలామంది. ఆ ఏడాదే పీష్వా రాజ్యం ముగిసింది. పీష్వాల పుణెలో అంటరానివాళ్లు నడుముకు చీపురు కట్టుకుని, మెడలో ముంత వేలాడేసుకుని నడవాల్సి వచ్చేదని అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో రాశాడు. కోరేగావ్ స్తంభం మీద రాజు పేరు లేదు, 22 మంది మహర్ సైనికుల పేర్లున్నాయి. 1927 జనవరి 1న అంబేడ్కర్ అక్కడికి పోయాడు. ఆ స్తంభం నిలబెట్టింది కంపెనీ, తన గొప్ప కోసమే. అయినా దాని మీది పేర్లను చదువుకున్నది దళితులు. ఒక రాతి మీద రాసింది ఒకటి, మనం చదివేది ఒకటి కావచ్చునని శిల్పి కథ చెప్పినట్టే ఈ స్తంభమూ చెప్తుంది.

కానీ పీష్వా పోతే కులం పోయిందా? పోలేదు. ఓజిమాండియాస్ అధికారానికి ఒక పేరుంది, ముఖం ఉంది, విగ్రహం ఉంది. కాబట్టి అది కూలితే కనపడుతుంది. కులానికి విగ్రహం అక్కర్లేదు. అది బావి దగ్గర ఉంటుంది, పెళ్లి సంబంధంలో ఉంటుంది, అద్దె ఇంటి గుమ్మంలో ఉంటుంది. చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులను వేటాడి చంపారు. ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరి శిక్షలూ కొట్టేసింది. ఈ మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు మారాయి! పైన అధికారం నిజంగానే అశాశ్వతం. కింద అదే అధికారం ఎంత గట్టిగా ఉందో బాధితులకు తెలుసు. మా ఊరి దొర కుటుంబం గడి వదిలి పట్నం పోయింది. భూములమ్మి కాంట్రాక్టులు పట్టింది, కాలేజీ పెట్టింది. మా వాడ పిల్లలు ఇప్పుడు ఆ కాలేజీలో ఫీజు కడుతున్నారు. మా అవ్వ మాటకు ఇంతకంటే ఏం రుజువు కావాలి?

6. మన విగ్రహాలు

చివరిగా మనల్ని మనం అడుక్కోవాల్సిన ప్రశ్న. దళితులు అంబేడ్కర్ విగ్రహం పెట్టబోతే “విగ్రహాల రాజకీయం ఎందుకు” అనేవాళ్లకు ఈ కవిత బాగా పనికొస్తుంది. వాళ్లకు ఒకటే జవాబు. ఓజిమాండియాస్ తన విగ్రహం తానే పెట్టించుకున్నాడు. మా వాడలో కుర్రవాళ్లు కూలి డబ్బుల్లోంచి చందాలేసుకుని సిమెంటు విగ్రహం పెట్టారు. ఆ రాజు విగ్రహం చూసేవాణ్ణి ఆశ వదులుకోమంటుంది. చేతిలో పుస్తకంతో, వేలు చాపి నిలబడ్డ ఈ విగ్రహం ముందుకు పొమ్మంటుంది. అందుకే దానికి చెప్పుల దండ వేస్తారు. 1997 జులైలో ముంబయి రమాబాయి నగర్‌లో అట్లా అవమానం జరిగితే, నిరసన తెలిపినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపి పదిమందిని చంపారు. అది ఉత్త రాయే అయితే అంత కోపం ఎందుకు?

అయితే ప్రభుత్వాలు పెట్టే విగ్రహాల సంగతి వేరు. 2023లో హైదరాబాద్‌లో 125 అడుగులది, 2024లో విజయవాడలో అంతకంటే ఎత్తైన పీఠం మీద ఇంకొకటి. చూసి మన గుండె పొంగింది, అబద్ధమెందుకు? కానీ పీఠం మీద ఎవరి పేరు పెద్దగా ఉంది, ఆ నీడలో ఎవరు ఓట్లు ఏరుకుంటున్నారు అని అడగడం మానొద్దు. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారితీస్తుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది అంబేడ్కరే. రాజు రాతి విగ్రహాల్లో, కవి జనం నాలుకల మీద బతుకుతాడని జాషువా అన్నాడు. అంబేడ్కర్‌ను రాతికి మాత్రమే వదిలేస్తే మనమే ఆయన్ను ఓజిమాండియాస్‌ను చేసినవాళ్లం అవుతాం.

టీచర్లకు ఒక మనవి. ఈ కవిత పాఠం మానొద్దు. ఇది మంచి కవిత, కోపం ఉన్న కవిత. కానీ అంతా మాయ అని ముగించొద్దు. మూడు ప్రశ్నలు అడిగించండి. రాయి ఎవరు మోశారు? గింజలు ఎవరి కొట్లో ఉన్నాయి? రాజు పోయాక ఆ అధికారం ఎవరి చేతికి పోయింది? ఇప్పుడు నేనూ వారానికి రెండు క్లాసులు చెప్తున్నాను. నా క్లాసులో ఎవరైనా లేచి ఆ రాయి సంగతి అడిగితే, పరీక్షకు రాదని మాత్రం చెప్పను.